ఆపేముందు ఒక్క నిమిషం

"మెకానిక్‌ని కొంచెం పిలుస్తారా?" అన్నాడతను, కారు అద్దం సగమే దించి.

"మెకానిక్కే వచ్చింది. చెప్పండి," అంది హెప్సీ.

అతను ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఏక్‌బాల్‌పూర్‌లో ఓడరేవు డాక్ గోడకి ఆనుకుని ఉన్న ఆ చిన్న గ్యారేజీలో హెప్సీ తండ్రి దయారత్నం తప్ప ఇంకెవరూ లేరు. ఆయన స్టూలు మీద కూర్చుని టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు.

"మీరా?"

"నేనే. నచ్చకపోతే తారాతలా దాకా ఎల్లండి. మీసాలున్న మెకానిక్కులు అక్కడ బోలెడుమంది."

ఇలా భుజం మీదుగా చూసే మగవాళ్ళని హెప్సీ నాలుగేళ్ళుగా చూస్తోంది. చూసిన ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. డిప్లొమా ఆమెది, చేతులకి మసి ఆమెది, వెతుకులాట మాత్రం ఇంకెవరి కోసమో.

అతను అద్దం పూర్తిగా దించాడు. ముఖం అప్పటికే కోపంతో ఎర్రగా ఉంది. "నా పేరు జయదేవ్. న్యూ టౌన్ నుంచి వచ్చాను. ఈ బెంగాలీ ఊళ్ళో మన తెలుగు వాళ్ళ ఫోన్ గ్రూపులో మీ గ్యారేజీ పేరు చెప్పారు. ఈ కారు కొని ఆరు నెలలైంది. లీటరుకి పంతొమ్మిది ఇస్తుందని పుస్తకంలో రాశారు. నాకు పదిన్నర వస్తోంది. చిన్న ఇంజన్, దానికో టర్బో, పవర్‌కి పవర్, మైలేజీకి మైలేజీ అన్నారు. షోరూమ్ వాళ్ళనడిగితే కాఫీ ఇచ్చి పంపించారు. ఇంజన్ పాడైంది. అది మీరు రాసిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను."

హెప్సీ బానెట్ ఎత్తింది. చెవి ఒగ్గి వింది. కంప్యూటర్ తగిలించి పావుగంట చూసింది. బానెట్ మూసి చేతులు తుడుచుకుంది.

"ఇంజన్ బంగారంలా ఉంది. పాడయింది మీ కాలు."

లోపల్నించి దయారత్నం గొంతు వినిపించింది. "అమ్మా హెప్సీ, ఆయన మనోరే గదా. కుసింత మెల్లగా తిట్టు."

"నేను న్యూ టౌన్ నుంచి వచ్చింది తిట్లు తినడానికి కాదు," అన్నాడు జయదేవ్.

"నేను మెకానిక్‌నయింది అబద్ధం రాసివ్వడానికి కాదు," అంది హెప్సీ. "పదండి బడ్జ్ బడ్జ్ దాకా. తారాతలా బంకులో ట్యాంకు అంచుదాకా కొట్టిద్దాం. ఎల్లి తిరిగొచ్చి అదే బంకులో మళ్ళీ అంచుదాకా కొట్టిద్దాం. ఎన్ని లీటర్లు పట్టిందో ఎన్ని కిలోమీటర్లు తిరిగామో మీరే లెక్క చూసుకోండి. పదహారు రాకపోతే ఈ గ్యారేజీ బోర్డు నా చేత్తో దించీస్తాను."

"వస్తే?"

"వస్తే మీరు సారీ చెప్పాలి. నాకు కాదు, ఇంజన్‌కి."

బంకు దాకా అతనే నడిపాడు. ఆ రెండు కిలోమీటర్లలో హెప్సీకి చూడాల్సినదంతా కనిపించింది. ముప్పై వేగానికే అయిదో గేరు వేశాడు. ఇంజన్ మూలుగుతూ కదలనంటుంటే పెడల్‌ని నేల దాకా తొక్కాడు. అప్పటికి టర్బో నిద్ర లేచి కారు ఎగిరి దూకింది. ఎదురుగా మినీబస్సు. సడన్ బ్రేకు. మళ్ళీ అయిదో గేరు.

"ఎవరు నేర్పారు మీకిలా?"

"మా నాన్నగారు. ఎంత త్వరగా టాప్ గేరులోకి వెళితే అంత పెట్రోలు మిగులుతుందంటారు."

"ఆయన ఏ బండి మీద నేర్చుకున్నారేటి?"

"అంబాసిడర్."

హెప్సీ కళ్ళు మూసుకుంది. "బంకు రాగానే దిగి ఇటు కూర్చోండి," అంది.

ట్యాంకు నిండాక స్టీరింగ్ ఆమె చేతికొచ్చింది. జింజిరా బజారు దగ్గర ఫ్లైఓవర్ ఎక్కేసరికి వాన అందుకుంది. హెప్సీ తొందరపడలేదు, అలాగని నిదానంగానూ పోలేదు. గేరు మారుస్తున్నట్టే తెలియలేదు. ముందు లారీని దాటాల్సి వచ్చినప్పుడు మాత్రం పాదాన్ని కొంచెం లోపలికి నొక్కింది. ఎక్కడో సన్నని ఈల వినిపించింది, కారు లారీని దాటేసింది, పాదం వెనక్కి వచ్చేసింది.

"విన్నారా? అదే టర్బో. ఇంజన్ వదిలేసిన పొగతోనే తిరిగే ఫ్యాను. గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తాది. ఆ కాసేపు చిన్న ఇంజన్ పెద్ద ఇంజన్ అవుతాది. పెద్ద ఇంజన్‌లా తాగుతాది కూడా. అవసరమున్నప్పుడు అడగండి, ఇస్తాది. ప్రతి సిగ్నల్ దగ్గరా పీక పట్టుకుని అడిగితే పదిన్నరే ఇస్తాది."

  జయదేవ్ అద్దం మీద జారే వానని చూస్తున్నాడనుకుంది హెప్సీ. అతను చూస్తున్నది గేరు మీదున్న ఆమె చేతిని. గోళ్ళ కింద మసి ఉన్న ఆ చెయ్యి ఎక్కడా తడబడటం లేదు. తనకి ఇంకా కోపంగానే ఉందో లేదో అతనికే అర్థం కాలేదు.

బడ్జ్ బడ్జ్ రేవు దగ్గర కారు ఆగింది. జయదేవ్ తాళం వైపు చెయ్యి చాపితే హెప్సీ ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

"ఆపేముందు ఒక్క నిమిషం. ఇంతసేపు పరిగెత్తింది. ఆ ఫ్యాను ఇంకా నిప్పులా ఉంటాది. దాన్ని చల్లార్చేది ఆయిలొక్కటే. టక్కున ఆపేస్తే ఆయిల్ ఆగిపోద్ది, ఫ్యాను వేడిలో ఉడుకుద్ది. కూర్చోండి."

కూర్చున్నారు. ఒక నిమిషం ఎంత పొడుగో అప్పుడు తెలిసింది ఇద్దరికీ. నది మీద వాన, అవతల ఆయిల్ డిపో ట్యాంకులు, కింద మెల్లగా కొట్టుకుంటున్న ఇంజన్.  అతనోసారి ఇటు చూశాడు. అదే క్షణాన ఆమె అటు చూసింది. ఇద్దరూ ఠక్కున నదివైపు తిరిగారు.

"అయింది," అంది హెప్సీ, ఇంకా పదిహేను సెకన్లు మిగిలుండగానే.

తారాతలా బంకులో లెక్క పదహారు పాయింట్ ఎనిమిది వచ్చింది. జయదేవ్ రెండుసార్లు కూడాడు, మూడోసారి ఫోన్‌లో వేశాడు. తర్వాత కారు ముందుకెళ్ళి, బానెట్ మీద చెయ్యి పెట్టి, బంకు కుర్రాళ్ళందరూ చూస్తుండగా, "సారీ," అన్నాడు.

హెప్సీకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

ఆ తర్వాత ప్రతి శనివారం అతనికి ఏదో ఒక అనుమానం వచ్చేది. టైర్లలో గాలి తగ్గిందేమో, అద్దం తుడిచే బ్లేడు అరిగిందేమో, ఎక్కడో టిక్‌టిక్ మంటోందేమో. న్యూ టౌన్‌లో గాలి దొరకదా అని దయారత్నం ఒక్కసారి కూడా అడగలేదు. రెండో టీ కప్పు మాత్రం తెప్పించేవాడు. మూడో వారానికి మీరు పోయి నువ్వు వచ్చింది. తిట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

జులై ఆఖర్లో ఆయిల్ మార్చే రోజు వచ్చింది. కొత్త డబ్బా మూత తీసి, ఇంజన్‌లో పోసేముందు, హెప్సీ చెంచాడు ఆయిల్‌ని ఒక చిన్న హోమియోపతి సీసాలోకి వంపి బిరడా పెట్టింది. కారు నంబరు, తేదీ రాసి అంటించి అల్మరాలో పెట్టింది. అల్మరా నిండా అలాంటి సీసాలే వరసలుగా ఉన్నాయి.

"ఇదేంటి, కారుకి జలుబా?" అన్నాడు జయదేవ్.

"నాన్న పోర్టులో, ఓడల్ని లాగే టగ్గుల మీద ఇంజన్ రూమ్‌లో చేసినారు. ఓడలోకి ఆయిల్ ఎక్కించినప్పుడు ఒక సీసాలో కొంచెం తీసి, సీలేసి దాచాలి. రేపు ఇంజన్‌కేదైనా అయితే, పోసింది ఏటో ఆ సీసా చెప్తాది. ఇక్కడా అదే పద్ధతి. ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ."

"నేను నవ్వలేదే."

"నవ్వావు. కళ్ళతో నవ్వావు."

ఆ వేళే ఆమె అతనికి అసలు సంగతి చెప్పింది. రక్త పరీక్షల కంపెనీ ఒకటి ఉంది. ఊరంతా తిరిగి శాంపిళ్ళు తెచ్చే పద్నాలుగు కార్లు దానివి, అన్నీ ఇలాంటి చిన్న టర్బోలే. బళ్ళు చూసే మేనేజరు శ్యామసుందర్ తెలుగాయనే, అదే గ్రూపులో ఉన్నాడు. ఆగస్టు మూడో వారంలో గ్యారేజీ చూడటానికొస్తానన్నాడు. పని కుదిరితే బోర్డు మీద తన పేరు పక్కన హెప్సీ పేరు రాయిస్తానన్నాడు దయారత్నం. కుదరకపోతే గ్యారేజీ ఎవరికైనా అప్పజెప్పి, హెప్సీని ఖరగ్‌పూర్‌లో మేనమామ చూసిన ఆఫీసు ఉద్యోగానికి పంపిస్తానన్నాడు. ఆయనకి మోకాళ్ళు పోయాయి. ఇంకెంతకాలం లాగగలడు?

"నీకు పని వస్తుంది," అన్నాడు జయదేవ్. ఆ మాట అతను చాలా నమ్మకంగా అన్నాడు. అది గుర్తొస్తే తర్వాత హెప్సీకి ఇంకా మండేది.

ఆగస్టు మూడో వారం, మంగళవారం పొద్దున్న, గ్రూపులో ఒక సందేశం వచ్చింది. హెప్సీకి తెలుగు చదవడం కూడబలుక్కుంటే తప్ప రాదు. ఇది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది కాబట్టి ఒక్క చూపులో అర్థమైపోయింది.

"ఏక్‌బాల్‌పూర్ గ్యారేజీలో ఆయిల్ మార్పించాను. నెల తిరక్కుండా టర్బో పోయింది. ఫ్లైఓవర్ మీద కారు వెనకంతా నీలం పొగ. కారులో మా అమ్మ ఉంది. తప్పుడు ఆయిల్ పోశారు. అందరూ జాగ్రత్త." కింద జయదేవ్ పేరు.

ఆమె రెండోసారి చదవలేదు. ఒక ఫోన్ లేదు, ఒక ప్రశ్న లేదు. బంకులో అందరి ముందూ సారీ చెప్పినవాడు, నాలుగు వందల కుటుంబాల ముందు దొంగని చేశాడు. పది గంటలకి ఇద్దరు బ్యాంకు ఆఫీసర్లు సర్వీసింగు వద్దన్నారు. పదకొండింటికి శ్యామసుందర్ ఫోన్ చేశాడు. "ఈ శుక్రవారం రావడం కుదరదమ్మా. తర్వాత చూద్దాం," అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడో చెప్పలేదు.

"ఏటమ్మా?" అన్నాడు దయారత్నం.

"నాను న్యూ టౌన్ ఎల్లొస్తాను," అంది హెప్సీ. అల్మరాలోంచి అతని నంబరున్న సీసా తీసి జేబురుమాల్లో చుట్టింది. కిటికీకి బిగించకుండా మిగిలిపోయిన గాజు ముక్క ఒకటి సంచిలో పెట్టుకుంది. వానలో, స్కూటరు మీద, ఊరు ఈ చివర్నుంచి ఆ చివరికి, దారి పొడవునా తనలో తాను తిట్టుకుంటూ వెళ్ళింది.

జయదేవ్ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కారు పక్కనే నిలబడి ఉన్నాడు. తడిసి ముద్దయిన హెప్సీని చూసి అతనేమీ జాలిపడలేదు.

"మా అమ్మకి ఉబ్బసం. పొగలో ఊపిరాడక గిలగిల్లాడింది. వెనక బస్సులు, ముందు బస్సులు, దిగడానికి చోటు లేదు. ఇప్పుడు ఏం చెప్తావు?"

"అమ్మగారికెలా ఉంది?"

"ఇప్పుడు బాగానే ఉంది."

"అయితే ఇప్పుడు తిడతాను," అంది హెప్సీ. "నన్నడిగావా? ఒక్క ఫోన్ చేశావా? రాసేముందు డిప్‌స్టిక్ లాగి చూశావా?"

ఆమే లాగింది. ఆయిల్ పై గీత దాటి వేలెడు పైన ఉంది. హెప్సీ కనుబొమలు ముడిపడ్డాయి. గాజు ముక్క బానెట్ మీద పెట్టి ఒక పక్క సీసాలోంచి ఒక చుక్క, ఇంకో పక్క డిప్‌స్టిక్ నుంచి ఒక చుక్క వేసింది. గాజుని ఏటవాలుగా ఎత్తింది. సీసా చుక్క గబగబా కిందికి జారిపోయింది. కారులోని చుక్క సగం దూరం కూడా రాకుండా బద్ధకంగా వేలాడింది.

"నేను పోసింది ఇది. నీ కారులో ఉన్నది అది. మధ్యలో ఎవరు చెయ్యి పెట్టారు?"

జయదేవ్ వంగి రెండు చుక్కలనీ దగ్గరగా చూశాడు.

"నేనే పోశాను," అని వెనక నుంచి ఒక గొంతు. శ్రీనివాస రావు గారు గొడుగు మడుస్తూ వచ్చారు. జయదేవ్ తండ్రి. బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఇప్పుడు ఇన్‌స్పెక్షన్ చేయడానికి ఆయనకి మిగిలింది ఈ కారొక్కటే. "ప్రతి ఆదివారం బజారు నుంచి రాగానే చూస్తాను. చూసిన ప్రతిసారీ తక్కువే. పైగా నువ్వు పోసిన ఆయిల్ వేలికి కూడా అంటడం లేదు, నీళ్ళలా ఉంది. మోసం జరిగిందని అర్థమైంది. మా అంబాసిడర్ నాటి నుంచి వాడుతున్న చిక్కటి ఆయిల్ తెప్పించి, కొంచెం కొంచెంగా పోస్తున్నాను. లేకపోతే ఇంజన్ ఎప్పుడో పోయేది."

హెప్సీ పళ్ళు బిగించింది. పెద్దాయన, నోరు జారకూడదు. "అంకుల్, బజారు నుంచి రాగానే చూస్తే ఆయిల్ ఇంకా పైనే ఉంటాది, కిందికి దిగదు. పది నిమిషాలాగి చూడాలి. తక్కువ లేదు, మీకు తక్కువ కనబడింది. మీరు పోసిన కొద్దీ నిండిపోయి నిండిపోయి టర్బోలోకి ఎక్కింది. పొగ అదే. ఇక పలచగా ఉందన్నారు. పలచగా ఉండాలనే చేసిన ఆయిల్ అది. టర్బో ఫ్యాను నిమిషానికి లక్ష చుట్లకి పైన తిరుగుద్ది. దాని సందులోకి చిక్కటి ఆయిల్ ఎల్లేలోపు అరిగిపోద్ది. పలచటిదైతే ఇంజన్ తేలిగ్గా తిరుగుద్ది, మైలేజీ వస్తాది."

"ముప్పై ఆరేళ్ళు లెక్కలు తనిఖీ చేసినవాణ్ణమ్మా నేను. నాకు కొలత చూడటం రాదంటావా?" అన్నారాయన. జవాబు కోసం ఆగకుండా లిఫ్టు వైపు వెళ్ళిపోయారు.



"గ్రూపులో రాయి," అంది హెప్సీ.

"రాస్తాను." జయదేవ్ గొంతు తగ్గిపోయింది. "నాన్నగారు ఆ గ్రూపులో అందరికీ పెద్ద. ఆయన పేరు రాకుండా ఎలా రాయాలో కొంచెం ఆలోచించుకుని..."

"నా పేరు రాయడానికి ఎంతసేపు ఆలోచించావు?"

 హెప్సీ సీసా జేబురుమాల్లో చుట్టుకుంది. "కారు స్టార్ట్ చెయ్యకు. చేస్తే ఈసారి నిజంగానే పోద్ది," అని స్కూటరెక్కింది. డాక్ గోడ కనబడే వరకూ ఏడవకూడదనుకుంది. అంతకంటే చాలా ముందే ఏడ్చింది.

మర్నాడు గ్రూపులో అతని సందేశం తీసేసి ఉంది. దాని చోట ఏదో తొలగించారన్న గుర్తు మాత్రం మిగిలింది. అంతే. ఎవరో అడిగారు, "ఏమైంది, రాజీ చేసుకున్నారా?" అని. ఇంకెవరో నవ్వే బొమ్మ పెట్టారు.

"తీసేసినాడు గదమ్మా. పోన్లే," అన్నాడు దయారత్నం.

"తుడిచేస్తే మచ్చ పోతాదేటి నాన్నా? ఇంకా పాకుద్ది. తప్పు నాదే అయుంటే ఆడు తుడిచేవాడా? తప్పు నాది కాదని తెలిసి కూడా నోరు మూసుకున్నాడు."

"నీకు ఆ పిల్లడంటే కోపమేనా, ఇంకేటైనానా?"

"కోపమే," అంది హెప్సీ, స్పానర్‌ని బల్ల మీదకి విసిరి. అది నిజమే. కానీ శనివారం వచ్చినప్పుడు, రెండో టీ కప్పు రానప్పుడు, కోపానికి అడుగున ఉన్నది కూడా ఆమెకి తెలిసింది. అది తెలిసి ఇంకా కోపమొచ్చింది.

ఆదివారం చర్చి అయ్యాక బయటికొచ్చి ఫోన్ చూసుకుంది. పొద్దున ఆరింటికి వచ్చిన సందేశం.

"ఏక్‌బాల్‌పూర్ గ్యారేజీ మీద నేను రాసింది అబద్ధం. అడగకుండా, చూడకుండా, కోపంలో రాశాను. హెప్సీ పోసిన ఆయిల్ సరైనదే. దానిమీద వేరే ఆయిల్ పోసింది మా ఇంట్లోనే. నిజం తెలిశాక కూడా, రాసింది తీసేసి ఊరుకున్నాను. అది అంతకంటే పెద్ద తప్పు. ఈ రోజు కారు ఆమె దగ్గరికే తీసుకెళ్తున్నాను. వేరే ఎవరికీ ఇవ్వను. జయదేవ్."

ఇంత శుభ్రంగా రాయడం వచ్చినవాడు ఇన్నాళ్ళూ ఏం చేశాడు? హెప్సీ చర్చి బట్టల్లోనే గ్యారేజీకి పరిగెత్తింది, అతన్ని కడిగేయాలని.

అప్పటికే లాగుడు బండి వచ్చి ఉంది. వెనక కారు. ముందు క్యాబిన్‌లోంచి జయదేవ్ దిగాడు. అతని వెనక, ఇస్త్రీ చొక్కా నలక్కుండా జాగ్రత్తగా దిగుతూ శ్రీనివాస రావు గారు. చేతిలో ఆ చిక్కటి ఆయిల్ డబ్బా.

"మా వాడు మా ఇంటి పేరు ఊరంతా చాటాడు," అన్నారాయన, ముఖం ముటముటలాడిస్తూ. "చాటినది నిజమో కాదో నా కళ్ళతో చూడాలి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాననుకోండి."

"రండి బాబూ, సూడండి," అన్నాడు దయారత్నం, స్టూలు తుడిచి వేస్తూ.

ఆయన కూర్చోలేదు. అల్మరా ముందుకెళ్ళి నిలబడ్డారు. కళ్ళజోడు సర్దుకుని ఒక్కో సీసా చదివారు. నంబరు, తేదీ, నంబరు, తేదీ. పదకొండేళ్ళ సీసాలు. మధ్యలో ఒక్కటి తీసి, గోడకి వేలాడే సర్వీసు పుస్తకంలో ఆ తేదీ వెతికారు. సరిపోయింది. ఇంకోటి తీశారు. అదీ సరిపోయింది. అయిదోదాని తర్వాత ఆయన భుజాలు కొంచెం దిగాయి.

హెప్సీ గాజు ముక్క తెచ్చింది. మూడు చుక్కలు వేసింది: తన సీసాది, కారులోది, ఆయన డబ్బాలోది. గాజుని ఆయన చేతికే ఇచ్చింది. ఆయనే ఎత్తారు. మొదటిది జారిపోయింది. మిగతా రెండూ వెనకబడ్డాయి, ఆయన డబ్బాది అన్నిటికంటే వెనక.

కారు కింద పళ్ళెం పెట్టి ఆయిల్ వదిలింది. మూడున్నర లీటర్లు పట్టే ఇంజన్‌లోంచి అయిదుకి పైగా వచ్చింది. ఆ ధార ఆగే దాకా శ్రీనివాస రావు గారు నిలబడే చూశారు. తర్వాత ఫోన్ తీసి, గ్రూపులోకి తన గొంతు రికార్డు చేశారు.

"నమస్కారం, నేను శ్రీనివాస రావుని. ఆ ఆయిల్ పోసింది నేను. కొలత తప్పు చూసింది కూడా నేను. ఈ గ్యారేజీ రికార్డులు స్వయంగా తనిఖీ చేశాను. నా సర్వీసులో ఏ బ్రాంచిలోనూ ఇంత శుభ్రమైన రికార్డు చూడలేదు. మరో మాట లేదు."

ఫోన్ జేబులో పెట్టుకుని హెప్సీ వైపు తిరిగారు. "నన్ను ఆ రోజు ఎందుకు తిట్టలేదమ్మా?"

"పెద్దవారు కదా అంకుల్. మీ వాటా కూడా మీ అబ్బాయికే ఇచ్చాను."

ఆయన ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కదిలింది. అరగంటలో శ్యామసుందర్ ఫోన్ వచ్చింది. రేపు పొద్దున్నే వస్తానన్నాడు. ఆ సీసాల అల్మరా తనకీ చూడాలనుందన్నాడు.

హెప్సీ చర్చి చీర మీద పాత కోటు తొడుక్కుని పని మొదలుపెట్టింది. పైపులు విప్పి లోపల చేరిన ఆయిలంతా తుడిచింది. టర్బో ఇరుసు వేలితో కదిపి చూసింది. ఆట లేదు, ఇరుసు వదులు కాలేదు. బతికింది. టార్చిలైటు పట్టుకున్న జయదేవ్ గట్టిగా ఊపిరి వదిలాడు.

"లైటు సరిగ్గా పట్టు."

"సరిగ్గానే పట్టాను."

"ఇంజన్ మీద పట్టమన్నాను, నా ముఖం మీద కాదు."

"నా చూపు అక్కడే ఉంది మరి," అన్నాడతను. "హెప్సీ, మంగళవారం నుంచి నిన్నటి దాకా నేను నిద్రపోలేదు. ప్రతి రోజూ రాశాను, ప్రతి రోజూ చెరిపాను. నాన్నగారికి కోపం వస్తుందని భయపడ్డాను. నిన్న శనివారం వచ్చింది. ఇటు రావడానికి నాకు ముఖం లేదని తెలిసింది. అప్పుడు అర్థమైంది, ఆయన కోపంతో నేను బతగ్గలను. నీ కోపం లేకపోతేనే బతకలేను."

స్పానర్ ఆగింది. "ఇదేటి, సారీయా ఇంకేటైనానా?"

"రెండూ. నువ్వంటే నాకు ఇష్టం. బడ్జ్ బడ్జ్ నుంచీ."

హెప్సీ అతని ముఖంలోకి చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, గొంతు మాత్రం ఇంకా కరుగ్గానే ఉంది. "నిన్ను చూస్తే నాకు కోపమొస్తాది. చూడకపోతే ఇంకా ఎక్కువొస్తాది. ఈ వారమంతా ఎంత ఏడ్చానో నీకు తెల్దు. ఇంకోసారి నన్నడక్కుండా నా గురించి ఒక్క ముక్క రాసావంటే..."

"రాయను. అడుగుతాను. ముందు నిన్నే అడుగుతాను."

"నాకూ ఇష్టమే," అంది హెప్సీ, అదేదో నేరం ఒప్పుకున్నట్టు. "లైటు ఇటు పట్టు."

అవతల స్టూళ్ళ మీద పెద్దవాళ్ళిద్దరూ టీ తాగుతున్నారు. అన్నీ వినబడుతూనే ఉన్నాయి.

"వీళ్ళెప్పుడూ ఇలాగేనా?" అన్నారు శ్రీనివాస రావు గారు.

"మొదటి రోజు నుంచీ ఇంతే బాబూ."

"అయితే ఫరవాలేదు. మా ఆవిడ జ్ఞానప్రసూనా నేనూ ముప్పై మూడేళ్ళుగా ఇంతే." ఆయన ఒక బిస్కెట్టు అందుకున్నారు. "మీరు ఆదివారాలు చర్చికి వెళతారు కదా."

"ఎల్తామండి. అదొక్కటీ మానలేం."

"మానొద్దు. నేనే ఆదివారాలు డిప్‌స్టిక్ చూడటం మానేస్తాను. ఎక్కడో ఒకచోట సర్దుకోవాలిగా."

దయారత్నం మరో రెండు టీలు చెప్పాడు. ఇద్దరూ బిస్కెట్లు ముంచుకున్నారు.

సాయంత్రం నాలుగింటికి కారు కొత్త ఆయిల్‌తో లేచింది. మొదట కొంచెం పొగ, తర్వాత పలచబడి, తర్వాత ఏమీ లేదు. పరీక్షించాలంటే కొంత దూరం నడపాలి. జయదేవ్ నడిపాడు, హెప్సీ పక్కన కూర్చుంది. ఫ్లైఓవర్ మీద అతను గేర్లన్నీ వేళకి మార్చాడు. ఒక్కసారి మాత్రం, ఖాళీ రోడ్డు చూసి, సన్నటి ఈల వినిపించే దాకా తొక్కాడు.

"అవసరమా?" అంది హెప్సీ.

"సంతోషంగా ఉంది," అన్నాడు జయదేవ్.



తిరిగొచ్చి గ్యారేజీ ముందు ఆపాడు. వాన మళ్ళీ మొదలైంది. తాళం మీద చెయ్యి వేసి, గుర్తొచ్చి తీసేశాడు. ఒక నిమిషం కూర్చున్నారు. ఈసారి ఎవరూ నదివైపు తిరగలేదు, తిరగడానికి ఇక్కడ నది లేదు. హెప్సీ మసి చెయ్యి అతని చేతిలో ఉంది.

నిమిషం అయిపోయింది. రెండోది కూడా అయిపోయింది. నిలబడ్డ చోటే తిరుగుతున్న ఇంజన్‌లో పెట్రోలు ఊరికే కాలిపోతోంది. లీటరుకి పదహారు కోసం బోర్డు పందెం కాసిన మనిషి నోరు విప్పలేదు.

"ఏటర్రా అది, పెట్రోలనుకున్నారా, నీళ్ళనుకున్నారా?" అని లోపల్నుంచి దయారత్నం కేకేశాడు.

"ఇంకా చల్లారలేదు నాన్నా," అంది హెప్సీ.